ఎస్తేరు మేడం నేర్పిన పట్టు

పుత్తూరు బస్సు వడమాలపేట దాటగానే కిటికీలోంచి మామిడి గుజ్జు వాసన వస్తుంది. సగం తీపి, సగం పులుపు. కాలేజీ లైబ్రరీలో పని ముగించుకుని ఇంటికి వెళ్లే వేసవి సాయంత్రాల్లో ఆ వాసన తగలగానే ఒళ్లో పుస్తకం మూసేస్తాను. రోడ్డు పక్కనున్న ఆ గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డులోనే, మామిడి రాని నెలల్లో, ఎస్తేరు మేడం మాకు రైఫిల్ పట్టుకోవడం నేర్పింది.

మేడం ప్రభుత్వ బడిలో పీఈటీగా చేసి రిటైరైంది. పొట్టి మనిషి, నేత చీర, కాళ్లకు కాన్వాస్ బూట్లు. షెడ్డు యజమాని ఆమె దగ్గర చదువుకున్నవాడు కావడంతో ఆ జాగా దొరికింది. పది మీటర్ల అవతల కాగితపు గురి, ఇవతల ఎయిర్ రైఫిల్, మేము కొద్దిమంది ఆడపిల్లలం. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను. నలుగురిలో నోరు విప్పలేను. ఏది చెప్పుకోవాలన్నా డైరీకే. గురి ముందు నిలబడినవాళ్లను ఎవరూ మాట్లాడించరని తెలిసే అక్కడ చేరాను.

మొదటి రోజు రైఫిల్ ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. ఎంత బిగిస్తే గొట్టం చివర అంత వణికింది. మేడం రైఫిల్ తీసి పక్కన పెట్టి, తన మణికట్టు నా కుడి చేతికిచ్చి పట్టుకోమంది. పట్టుకున్నాను.

“ఏం పాపా, నన్ను పోలీసు స్టేషనుకు తీసకపోతా ఉండావా?”

అందరూ నవ్వారు. ఎక్కువ నవ్వింది హిమబిందు. మాలో నోరున్న పిల్ల, గురి కూడా ఉన్న పిల్ల. మేడం ఆ నవ్వును పట్టించుకోకుండా నన్ను షెడ్డు బయటి కొళాయి దగ్గరికి తీసుకెళ్లి, నిండు బిందె చంకనెత్తుకుని నడవమంది. ఇంటి దగ్గరికి నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా చేసే పనే కదా, నడిచాను. బరువు ఎక్కడుందని అడిగింది. నడుం మీద అన్నాను.

“సెయ్యి పిసకతా ఉండాదా దాన్ని? లేదు గదా. నడుం మోస్తాది, సెయ్యి ఊరికే తోడుంటాది. అంతే.”

ఆ మాటను అర్థం చేసుకోవడానికి నెలలు పట్టింది. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి. ఎడమ అరచేయి రైఫిల్ కింద పీటలా ఉండాలి తప్ప వేళ్లు చుట్టుకోకూడదు. కుడి చేయి రైఫిల్‌ను భుజంలోకి మెల్లగా ఆనించాలి, బొటనవేలు నొక్కకూడదు, చూపుడువేలు కొస తప్ప మరేదీ ట్రిగ్గర్‌ను తాకకూడదు. కళ్లు మూసి, ఊపిరి వదిలి, మళ్లీ తెరిచినప్పుడు గొట్టం గురికి పక్కన ఉంటే చేతులతో అటు లాగకూడదు, పాదాలు జరుపుకోవాలి. ఒకసారి చేయి బిగుసుకుందని తెలిస్తే ఇక పేల్చకూడదు. దించి, మొదటినుంచి ఎత్తాలి.

మామిడి సీజన్ మొదలయ్యే ముందు ఆదివారం మేడం సెలెక్షన్ పెట్టింది. విజయవాడలో జరిగే పోటీకి తీసుకెళ్లగల రైఫిల్ ఒక్కటే ఉంది కాబట్టి ఒక్కరే వెళ్తారు. ఇచ్చిన టైములోపే గుండ్లన్నీ పేల్చాలి. ఎంపికైతే సరే, లేకుంటే ఇది మానేసి కంప్యూటర్ కోర్సులో చేరమని నాయన ముందే చెప్పేశాడు. ఆయన రేణిగుంటలో గోడౌన్ సూపర్‌వైజరు; పనికిరాని దానికి ఆదివారాలు ఖర్చుపెట్టడం ఆయనకు నచ్చదు. ఏదైనా కావాలని నేను అంత గట్టిగా కోరుకోవడం అదే మొదటిసారి.

నాకు చివరి గుండు మిగిలేసరికి హిమబిందు ముగించేసింది. ఆ గుండు కాగితం మీద ఎక్కడ తగిలినా నేను గెలిచినట్టే. అప్పుడు కంటి చివర నాయన కనిపించాడు. హెల్మెట్ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. వస్తానని చెప్పలేదు. నా వేళ్లు ముడుచుకుపోయాయి. దించాను. మళ్లీ ఎత్తాను, ఇంకా బిగువుగానే ఉన్నాయి. దించాను. పాదాలు జరుపుకుని, ఊపిరి వదిలి మళ్లీ ఎత్తుతుండగా టైమ్ అయిపోయిందని మేడం గొంతు వినబడింది. ఆ గొంతులో జాలి లేదు.

నాయన దగ్గరికొచ్చి అడిగాడు. “పేల్చకుండా ఎందుకు దించేస్తివి? యాడో ఒకచోట తగిలినా గెలిచుందువు గదమ్మా.”

మేడం అంది: “యాడో ఒకసోట తగిలేదానికి నేను నేర్పించల్లేదప్పా. సెయ్యి బిగిసిందని తెలుసుకోని దించింది సూడు, అది నేర్పించినాను.” తర్వాత నా వైపు తిరిగింది. “గడియారం సూసుకోనిది మాత్రం నీ తప్పే. పోయి నీళ్లు తాగు.”

తిరుగుదారిలో నాయన టీ కొట్టు దగ్గర బండి ఆపాడు. టీ తాగడం అయ్యాక, అది ఎట్లా పట్టుకోవాలని అడిగి, గాలిలో తుపాకీ ఎత్తినట్టు చేతులు పెట్టాడు. వేళ్లన్నీ బిగించి, భుజాలు పైకెత్తి. అంతకుముందు ఎప్పుడూ ఆయన్ను దిద్దినదాన్ని కాదు. మోచేయి పట్టుకుని తుంటికి ఆనించాను. వేళ్లు ఒక్కొక్కటే తెరిచాను.

“గట్టిగా పట్టుకోవద్దు నాయనా. పడిపోదులే.”

కొట్టు ముందున్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారని ఆ తర్వాతగానీ గమనించలేదు. నాయన అలాగే కాసేపు నిలబడ్డాడు. బండి స్టార్ట్ చేస్తూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు: “మామిడికాయలు అయిపోయినాక ఆ షెడ్డు మీకు మళ్లీ ఎప్పుడిస్తారంట?”

ఆ ఏడు విజయవాడకు హిమబిందు వెళ్లింది. మరుసటి ఏడు నేను వెళ్లాను, పతకమేమీ తేలేదు. మేడం ఇప్పుడు పలమనేరులో కూతురి దగ్గర ఉంటోంది. ఎవరైనా ఎదురుగా నిలబడి జవాబు ఇప్పుడే చెప్పాలని పట్టుబడితే, నేను ఈనాటికీ ముందు వేళ్లు వదులు చేసుకుంటాను. ఒక్కోసారి ఈలోగా టైమ్ అయిపోతుంది. పోనిస్తాను.