మాస్టారి ఫోన్‌కి ళ నేర్పబోయి

తాడేపల్లిగూడెంలో మా కింది వాటాలో ఉండే టైలర్ మాస్టారికి షుగర్ వల్ల చూపు పోయింది. అప్పటినుంచి పేపరైనా మెసేజీలైనా ఫోనే ఆయనకు చదివి వినిపించేది. ఆ ఫోన్‌లోని గొంతుకు ళ పలకదు. ఓ రోజు నేను మెట్లు దిగుతుంటే పిలిచారు.

"బాబూ, మీరు కంప్యూటర్ పని చేస్తారు కదండీ. ఏలూరు కంటి ఆసుపత్రి వాళ్ళ మెసేజ్‌లో కళ్ళు అని ఉంటే ఇది కల్లు అంటోందండీ. మా ఆవిడ ఒకటే నవ్వండీ."

ఆయనా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ గొంతు వెనకున్న ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్‌ది. దాని కోడ్‌లో తప్పుంటే ఎవరైనా దిద్ది పంపొచ్చు. నడిపేవాళ్ళు ఒప్పుకుంటే అందరి ఫోన్లలోకీ వెళ్తుంది. నా బ్రాంచ్‌లో, అంటే అసలు కోడ్ పక్కన నేను పెట్టుకున్న ప్రతిలో, ళ సరిచేసి పంపాను. ళ సరిగ్గా పలుకుతోందో లేదో చూసే పరీక్షలు కూడా కొన్ని రాసి జతచేయమన్నారు వాళ్ళు. ఈలోగా మండవల్లిలో మా అన్నయ్య చేపల చెరువు గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మేత వేయించడం, పట్టుబడికి దగ్గరుండి చేపలు పట్టించడం నా మీద పడ్డాయి.

మళ్ళీ ఆ పని ముందు కూర్చునేసరికి నా బ్రాంచూ అసలు కోడూ వేరే దారులు పట్టాయి. నేను దిద్దిన ఫైలును వాళ్ళు ముక్కలు చేసి ఎక్కడెక్కడో పెట్టారు. రెండూ కలపబోతే, ఈ ప్రతుల లెక్క చూసే గిట్ అనే ప్రోగ్రామ్ నేను రాసిన వరుసనూ వాళ్ళు రాసిన వరుసనూ పైనా కిందా చూపించి ఏది ఉంచమంటావని అడిగింది. వాళ్ళది ఉంచితే ళ పోతుంది. నాది ఉంచితే ప్రోగ్రామే నడవదు. అది వదిలేసి, నా మార్పులను ఒక్కొక్కటిగా వాళ్ళ కోడ్ మీద తిరిగి పేర్చడం మొదలుపెట్టాను. విప్పిన చిక్కే ప్రతి మార్పు దగ్గరా మళ్ళీ ఎదురొచ్చింది. కుదిరిందనుకునేలోగా ఇంకెవరిదో మార్పు వచ్చి చేరింది. మళ్ళీ మొదటికి.

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?" అంది మా ఆవిడ.

చివరికి పంపాను. జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది: పాత గొంతును తీసేస్తున్నాం, మీ శ్రమకు ధన్యవాదాలు. కొత్తదానిలో తెలుగు ఎప్పుడు ఉంటుందని అడిగాను. చేసేవాళ్ళు దొరికినప్పుడు, అన్నారు.

కిందికి వెళ్ళాను.

"మాస్టారూ, వాళ్ళు తీసుకోలేదండీ."

"పోనీలెండి బాబూ, మీరు మాత్రం ఏం చేస్తారు. నేను దాన్ని వినడం మానేసి చాన్నాళ్ళయిందండీ."

ఆ సంగతి నాకు తెలియదు. ఇన్నాళ్ళూ పైన కూర్చుని, ఆయన కోసమే చేస్తున్నాననుకున్నాను.

"మరి పేపరు?"

"పేపర్లో ఏముందిలెండి."

అక్కడే కూర్చున్నాను. వాళ్ళావిడ టీ తెచ్చారు. ఆయన వేళ్ళు గ్లాసు చుట్టూ బిగిసేదాకా ఆవిడ దాన్ని వదల్లేదు.