రాళ్ల మీద ఎవరూ పుస్తకం రాయలేదు

మా అక్క ఇతిదాల్ పోయి రెండేళ్లయింది. అలెగ్జాండ్రియా పెద్ద పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు, చిరునామా సరిగా లేని ఉత్తరాల బల్ల దగ్గర పనిచేసింది. "ట్రామ్ ఆగేచోటి వెనక వీధి, పచ్చ తలుపు, హాజీగారికి" అని మాత్రమే రాసి ఉన్నా మనిషిని పట్టుకునేది. అలాంటి మనిషి దగ్గర మేం ఒక సంగతి దాచాలనుకున్నాం.

డాక్టరు మా అన్నయ్య శుక్రీని వరండాలోకి పిలిచి, అక్కకి ఇంక నాలుగు నెలలేనన్నాడు. మా వైపు ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. తప్పనిసరైతే గొంతు తగ్గించి "ఆ పాడు జబ్బు" అంటారు. రోగికి అసలే చెప్పరు. అన్నయ్య లోపలికొచ్చి, "పిత్తాశయంలో రాళ్లట, మందులకి కరిగిపోతాయట" అన్నాడు.

ఆవిడ ఏది అడిగితే అది పెట్టమని డాక్టరు చెప్పాడు. కాని రాళ్లన్నాం గనక రాళ్ల పథ్యమే పెట్టాల్సివచ్చింది. వేయించిన చేప మానిపించి ఉడికించిన సొరకాయ పెట్టాం.

రెండో వారంలో అక్క నన్ను పిలిచింది.

"ఏరా, నాకో పుస్తకం తెచ్చిపెట్టు. నాకున్న జబ్బే ఉన్నవాళ్లు రాసుకున్నది. ఎలా ఓర్చుకున్నారో చూస్తా. కాస్త ధైర్యం చెప్పేదై ఉండాలి."

"రాళ్ల మీదా?"

"నాకున్నదాని మీద."

అన్నయ్యకు చెబితే, "తెచ్చివ్వు, అందులో ఏముంది" అన్నాడు.

నబీ దనియాల్ వీధిలో పాత పుస్తకాలమ్మే హసనేన్ బాబాయి దగ్గరికి వెళ్లాను.

"రాళ్ల మీద ఎవడు రాస్తాడు మేష్టారూ?" అన్నాడాయన. "తీయించుకుంటారు, ఇంటికి పోతారు. పుస్తకం నిండాలంటే అంతకన్నా పెద్దది రావాలి."

చివరికి పథ్యం గురించి ఒక డాక్టరు రాసిన పల్చటి పుస్తకం ఇచ్చాడు. అక్క దాన్ని తిరగేసి చూసింది.

"ఇది రాసినాయనకు రాళ్లున్నాయా?"

"లేవు. ఆయన డాక్టరు."

"నేను వంటల పుస్తకం అడిగానా? రాళ్లున్నవాళ్లెవరూ రాయలేదా?"

"రాయలేదటక్కా."

"మరి నాకున్నది ఉన్నవాళ్లు?"

నేను సొరకాయ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. గిన్నె ఇంకా ఖాళీ కాలేదు.

వారం రోజులు ఆలోచించాను. ఆ పుస్తకం తెస్తే చెప్పేసినట్టే. తేకపోతే ఆమె ఇంక అడగదు. మిగిలిన రోజులన్నీ ఇంటిల్లిపాదీ రాళ్ల గురించే మాట్లాడుకుంటాం. మళ్లీ హసనేన్ బాబాయి దగ్గరికి వెళ్లి జబ్బు పేరు చెప్పాను. గొంతు తగ్గించే చెప్పాను.

"అదైతే ఒక అర నిండా ఉన్నాయి. బతికి బయటపడ్డవాళ్లవి కావాలా, పోయినవాళ్లవా?"

"ఏవి బాగా అమ్ముడుపోతాయి బాబాయ్?"

"బతికినవాళ్లవి. చుట్టాలు కొంటారు. మంచం మీదున్నవాళ్లు మాత్రం పోయినవాళ్లవే అడిగి తెప్పించుకుంటారు."

"ఎందుకని?"

"నేనెప్పుడూ మంచాన పడలేదు మేష్టారూ."

రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి లావుపాటిది, అట్ట మీద ఉదయించే సూర్యుడు. రాసినాయన జబ్బు నయమై సినాయి కొండెక్కాడు. మా అక్క మా ఇంటి రెండో అంతస్తుకే మూడుసార్లు ఆగి ఎక్కేది. రెండోది పోర్ట్ సయీద్ ఓడల్లో వంటచేసిన ఒకాయనది. చివరి తొమ్మిది పేజీలు ఆయన భార్య రాసింది. వంటాయన పుస్తకం తీసుకున్నాను. అట్ట మీద జబ్బు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

"కాగితం చుట్టనా? అందరూ చుట్టించుకుంటారు."

"వద్దు బాబాయ్."

అక్క కళ్లజోడు పెట్టుకుని పుస్తకం పేరు పైకి చదివింది. ఆ మాట మా ఇంట్లో వినబడడం అదే మొదటిసారి. కవరు మీది చిరునామా చదివినట్టు చదివింది.

"ఈయన ఇంకెన్నాళ్లు బతుకుతాడనగా రాయడం మొదలెట్టాడు?"

"ఎనిమిది నెలలు."

"నాకు డాక్టరు ఎంతన్నాడు?"

"నాలుగు. అందులో మూడు వారాలు అయిపోయాయక్కా."

"సొరకాయలకే అయిపోయాయన్నమాట." పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. "నాకు తెలిసినట్టు శుక్రీకి చెప్పకు. వాడు తట్టుకోలేడు."

పుస్తకం తెరిచి, బొటనవేలితో పేజీలు లెక్కపెట్టింది.

"ముందుమాటే ఇరవై పేజీలుంది. అది వదిలేస్తున్నా," అంది.