నాలుగు నక్షత్రాల వాలు

నేను మంచు మీద ఒక్క అడుగు కూడా వేసినవాణ్ణి కాదు. అయినా ప్రపంచంలో స్కీయింగ్‌కి ఏ చోటు మంచిది, స్నోబోర్డింగ్‌కి ఏది మంచిది అని నాలుగేళ్ళపాటు రాశాను. అరసవల్లిలో కింద ఆటోల హారన్లు మోగుతుంటే, మేడ మీద గదిలో ఫ్యాను కింద బనీనుతో కూర్చుని ఒక పర్యాటక వెబ్‌సైటు కోసం రాశాను. పది పేజీలు చదివి పదకొండో పేజీ తయారుచేయడం నా పని.

ఆల్ప్స్ కొండల్లో ఒక ఊళ్ళో జారడం మొదలుపెడితే ఇంకో ఊళ్ళో తేలవచ్చని రాశాను. జపాన్ ఉత్తర దీవిలో మంచు పొడిపిండిలా ఉంటుందనీ, న్యూజిలాండ్‌లో మనకి వానలు పడే నెలల్లో సీజను నడుస్తుందనీ రాశాను. మన హిమాలయాల్లో ఔలీ వాలు నేర్చుకునేవాళ్ళకి నయం, గుల్మార్గ్ పైవాలు చేయి తిరిగినవాళ్ళకే అన్నాను. స్కీయింగ్‌లో కాలికో పలక ఉంటుంది. స్నోబోర్డులో రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించుకుని పక్కవాటుగా జారాలి. చదును దారి వస్తే స్నోబోర్డు మనిషి ఆగిపోయి, ఒక కాలు విప్పుకుని నెట్టుకుంటూ పోవాలి. అందుకే ఒకే కొండ ఇద్దరికీ ఒకలా నచ్చదు. ఇవన్నీ నిజాలే. అబద్ధం పట్టికలో చివరి గడిలో ఉంది. దాని పేరు భద్రత. ఒక్కో చోటుకి అయిదింటిలో ఇన్ని నక్షత్రాలని నేనే వేసేవాణ్ణి.

మాది సముద్రం మీద బతికే కుటుంబం. కళింగపట్నం అవతల చిన్న పల్లె. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎంత అనుభవమున్న మనిషైనా వేరే ఊరి ఒడ్డుకి వెళ్తే, ఆ ఊరివాళ్ళని అడగకుండా తెప్ప నీళ్ళలోకి దించడు. ఏ అల వెనక ఏముందో, ఇసక ఏ వారం ఎటు జరిగిందో ఆ ఒడ్డువాళ్ళకే తెలుస్తుంది. అడగడం మాలో చిన్నతనం కాదు. ఇది వింటూ పెరిగినవాణ్ణి నేను.

హిమాలయాల్లో ఒక చోటు గురించి రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. దాని పేరు ఇక్కడ రాయను. ఆ కొండ కింద ఉండే మనిషెవరో నెట్‌లో ఒక చర్చలో పెట్టిన నాలుగు వాక్యాలు చదివాను. కొత్త మంచు పడి గాలి వీచిన మర్నాడు తూర్పు వాలుకి వెళ్ళొద్దు, పైన మంచు అంతా ఒక్కసారిగా జారుతుంది అని. దాన్ని చేరిస్తే పట్టికలో ఆ వరస పొడుగైపోతుంది. సాయంత్రానికి వ్యాసం పంపాలి. వదిలేశాను. తూర్పు వాలు కొత్తవారికి అనువని రాసి, భద్రత గడిలో నాలుగు నక్షత్రాలు వేసి, టీ తాగడానికి కిందికి దిగాను.

ఏడాది తర్వాత మా అక్క కూతురు ఆ చోటునే ఎంచుకుంది. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడు విరిగిన తెప్ప చెక్క మీద నిలబడి అలల మీద జారేది, పడేది, మళ్ళీ ఎక్కేది. తోటి నర్సులు ముగ్గురితో కలిసి స్నోబోర్డు నేర్చుకోవాలని బయల్దేరింది.

"మావా, ఇంకెవులు రాసినా నమ్మను గానీ నువ్వు రాసినావు కదా," అంది.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు పిల్ల తండ్రి, మా బావ, చేపల సంచితో నా గదికి వచ్చాడు. ఆ కొండ ఫోటో చూపించమన్నాడు. ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు.

"ఇటూ జనం ఉన్నారు, అటూ జనం ఉన్నారు. మద్దిన ఒక్కడూ లేడేటి?"

"కొత్త మంచు బావా. ఇంకా ఎవరూ తొక్కలేదు. చూడు, ఎంత నున్నగా ఉందో."

"అదేరా నానంతన్నాను. రెండు పక్కలా అలలిరుగుతా, మద్దిన నున్నగుంటే మన కాడ ఏటి సేస్తాం? పిల్లల్ని దిగనిస్తామేటి? అక్కడే కదా నీరు లోపలికి లాగీసేది."

"అది సముద్రం కాదు బావా. కొండ."

"గడ్డ కట్టినా నీరే కదరా, సదువుకున్నోడా!" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా మొహంలోకి చూశాడు. "ఆ ఒడ్డోళ్ళని అడిగినావా?"

అడగలేదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నా చేతిలోనే ఉంది.

"అడిగాను," అన్నాను.

"అయితే సరే," అని బావ చేపల సంచి గుమ్మం పక్కన పెట్టాడు. ఆమదాలవలస స్టేషన్‌లో కూతుర్ని రైలెక్కించడానికి తనే వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. పని ఉందన్నాను.

వాళ్ళు చేరిన రెండో రోజు పొద్దున్న మేనకోడలు ఫోటో పంపింది. గదుల కప్పుల మీద అడుగు మందాన కొత్త మంచు, పైన నీలం ఆకాశం. 'గాలి ఆగింది మావా, పైకెల్తన్నాం.' ఆ రెండు మాటలూ చదివేసరికి నాలుగు వాక్యాలు ఎక్కడ చదివానో, ఏ రంగు పేజీలో చదివానో అన్నీ గుర్తొచ్చాయి. వెంటనే ఫోన్ చేశాను. మోగింది, తీయలేదు. రెండోసారి మోగలేదు. మధ్యాహ్నం టీవీ అడుగున ఒక పంక్తి కదిలింది. ఆ కొండ మీద మంచు జారిందట, కొందరు చిక్కుకున్నారట.

బావ ఒడ్డు నుంచి నేరుగా వచ్చేశాడు. లుంగీ మోకాళ్ళదాకా తడిగా ఉంది. మెట్లెక్కి గుమ్మంలో నిలబడి ఒక్కటే అన్నాడు.

"నువ్వడిగిన మనిషికి ఫోన్ సెయ్యరా. ఆయనకి తెలుస్తాది కదా."

నేను ఫోన్ తీసి మళ్ళీ మేనకోడలి నంబరే నొక్కాను.

"సెయ్యరా. మన పిల్ల ఎక్కడున్నాదో సూసి రమ్మను."

"లేడు బావా."

"ఎవులు?"

"ఆ మనిషి. నేనెవర్నీ అడగలేదు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన వెనక్కి తిరిగి పై మెట్టు మీద కూర్చున్నాడు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఆయన వీపు నాకు కనిపిస్తూ ఉంది. కింద గుడికి వెళ్ళే ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. మంచినీళ్ళిస్తే తీసుకోలేదు.

నాలుగు దాటాక బావ ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నానా, నానే. బాగున్నాను. నా ఫోను సార్జింగు అయిపోయింది."

బావ స్పీకరు నొక్కి ఫోన్ మెట్టు మీద పెట్టి, మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు. అవతల పిల్ల చెప్పుకుపోతోంది. కొండ కింద టీ అమ్మే ముసలాయన్ని ఈవేళ తూర్పు వైపు వెళ్ళొచ్చా అని అడిగిందట. ఆయన చేయి అడ్డంగా ఊపాడట. నలుగురూ కింద పిల్లలు నేర్చుకునే వాలు దగ్గరే ఉండిపోయారట.

"ఎక్కడికెల్లినా సెప్తావు కదా నానా, ఒడ్డోళ్ళని అడగమని. మా ఎనకాల ఇంకో ఇద్దరున్నారు. టీ కొట్టాయనకేటి తెలుస్తాదని నవ్వేసి ఎల్లిపోనారు. ఇంకా ఎతుకుతన్నారు నానా."

ఆ ఇద్దరూ దొరికారో లేదో నాకు తెలుసు. ఇక్కడ రాయలేను. వాళ్ళు ఏ పేజీ చూసి ఆ కొండకి వచ్చారో మాత్రం తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

మర్నాడే ఆ వరస తీయించాను. ఆ నాలుగు వాక్యాలు వ్యాసంలో అన్నిటికన్నా పైన పెట్టించాను. తర్వాత ఆ పని మానేశాను. మేనకోడలు నన్ను ఇప్పటికీ మావా అనే పిలుస్తుంది. బావ ఇప్పటికీ చేపలు తెస్తాడు. గుమ్మం పక్కన సంచి పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోతాడు. నన్ను ఏదీ అడగడు.

కిందటి నెల ఆ కొండ పేరు వెతికి చూశాను. నేనెప్పుడూ వినని ఏదో సైటులో నా పట్టిక ఉంది. నా మాటలే, నేను చేసిన ఒక అక్షర దోషంతో సహా. తూర్పు వాలు, కొత్తవారికి అనువు, నాలుగు నక్షత్రాలు. ఆ సైటు వాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియదు.

అక్కడ ఈ వారంలో మొదటి మంచు పడిందట.