రెసిస్టర్ లేకుండానే తగ్గిన అల

మల్కాజ్‌గిరిలో బస్సు కోసం నిలబడి ఉంటే పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "మన సర్క్యూట్స్ మేడమ్ పోయిన్రంటనే. పొద్దుగాల గుండెపోటు వచ్చిందంట," అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎప్పటికైనా ఆవిడ నోటి నుంచి ఒక మాట వినాలని ఇన్నేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఇక ఆ మాట చెప్పే మనిషి లేరు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచి చాలా ఉంది. ముందు అదే రాస్తాను.

సికింద్రాబాద్‌లో ఒక చిన్న ఇంజినీరింగ్ కాలేజీ మాది. మొదటి ల్యాబ్‌లోనే మేడమ్ మా చేత కంప్యూటర్ తెర మీద ఒక కాయిల్, ఒక కెపాసిటర్ గీయించి, రెండూ కలిపి రన్ నొక్కమన్నారు. గీత అడ్డంగా, చదునుగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్నాం. "ఎవరూ నెట్టకుండా ఉయ్యాల ఊగుద్దా అమ్మా? కెపాసిటర్‌కి ముందు కాస్త ఛార్జ్ ఇవ్వండి," అన్నారు మేడమ్. ఇచ్చాం. అల లేచింది. ఆ రోజు నుంచి నాకు సర్క్యూట్లంటే భయం పోయింది.

ఆవిడ ఎప్పుడూ మా మౌస్ ముట్టుకోలేదు. మేము ఎంత తప్పు గీస్తున్నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "చెయ్యి నీది, మాట నాది" అనేవారు. తెరల మీద దుమ్ము కొంగుతో తుడిచేవారు. ల్యాబ్‌లో ఏమీ తినకూడదని తనే బోర్డు పెట్టి, రెజిమెంటల్ బజార్‌లో కొన్న వేయించిన శనగలు తనే పంచేవారు. రెండో ఏడు లెక్కల్లో తప్పి నేను చదువు మానేస్తానంటే మా ఇంటికి వచ్చారు. మా అమ్మ ఇచ్చిన టీ తాగి, నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి తీసుకెళ్లారు. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం ఆ టీ దగ్గరే మొదలైంది.

చివరి ఏడు ఒక సంగతి నన్ను పట్టుకుంది. మా సర్క్యూట్‌లో రెసిస్టర్ లేదు. శక్తిని తినేది ఏదీ లేనప్పుడు అల ఒకే ఎత్తున సాగాలి. తెర మీద మాత్రం మెల్లమెల్లగా తగ్గిపోతోంది. అందరూ వదిలేశారు. "నువ్వు వదలకు," అన్నారు మేడమ్. వారాల తరబడి కూర్చుంటే తెలిసింది. సాఫ్ట్‌వేర్ కాలాన్ని ముక్కలు చేసి లెక్క కడుతుంది. ఆ లెక్కలోనే ప్రతి ముక్కకీ కొంత తరుగు పోతోంది. ముక్కలు చిన్నవి చేస్తే తరుగు తగ్గింది. లెక్క కట్టే పద్ధతి మారిస్తే దాదాపు పోయింది. పుస్తకాల్లో ఎక్కడో ఉండే విషయమే కావచ్చు. మా కాలేజీలో మాత్రం ఎవరికీ తెలియదు. మేడమ్ నా భుజం పట్టుకుని, "ఇది నాకు తట్టలేదే," అన్నారు. ఫైల్ అడిగితే సంతోషంగా ఇచ్చాను.

తరువాతి నెలలో వేరే కాలేజీల లెక్చరర్లకు మా దగ్గర శిక్షణ జరిగింది. నేను వెనక కుర్చీలు సర్దుతున్నాను. తెర మీద నా సర్క్యూట్ వచ్చింది. అలలకు నేను ఎంచుకున్న రంగులు అలాగే ఉన్నాయి. మూలన నేను రాసుకున్న నా పేరు లేదు. "ఇది నేను గమనించాను," అని మొదలుపెట్టారు మేడమ్. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చూపు నా మీద నుంచి జరిగి గోడ మీదకు వెళ్లింది.

అది కూడా మింగేదాన్నేమో. కానీ నా ప్రాజెక్టు అదే. పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి వచ్చిన సార్ ఆ శిక్షణకు వచ్చినవారే. "ఇది మీ మేడమ్ గారిది కదా. మీరు కొత్తగా ఏం చేశారు?" అని అడిగారు. పక్క కుర్చీలోనే ఉన్న మేడమ్ వైపు చూశాను. "అమ్మాయి కష్టపడింది సార్," అన్నారు ఆవిడ.

వరండాలో ఎదురుపడి, "అది నేన్ చేసిన కదా మేడమ్," అన్నాను.

"నువ్వు చెబితే ఎవరు వింటారమ్మా," అన్నారు. గొంతు తగ్గించి, "నీకు ముందు ముందు చాలా దొరుకుతాయి. నాకు ఇన్నేళ్లలో దొరికింది ఇదొక్కటే," అన్నారు.

ఆ మాటకు నాకు జాలి వేసింది. ఆ జాలి వల్లే అరవలేకపోయాను. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. దొంగిలించినవారి మీద పూర్తిగా కోపం తెచ్చుకునే వీలు కూడా ఆవిడ నాకు మిగల్చలేదు.

ఆదివారం కాప్రాలో మేడమ్ వాళ్లింట్లో ప్రార్థన జరిగింది. పాస్టర్‌గారు, తోటి లెక్చరర్లు ఆవిడ గొప్పతనం చెబుతూ ఆ అల సంగతే ఎత్తారు. అందరూ వెళ్లాక మేడమ్ కూతురు నన్ను లోపలికి పిలిచింది. "అక్కా, అందరు అంటున్నరు కదా, అదేందో నాకు జెర అర్థమయ్యేటట్టు చెప్తరా? అమ్మ చెప్తే ఎప్పుడు తలకెక్కలే," అంది.

కంప్యూటర్ తెరిచి, కాయిల్, కెపాసిటర్ గీయించి, మొత్తం చెప్పాను. మౌస్ ఆ అమ్మాయి చేతిలోనే ఉంచాను. తనకు అర్థమైంది. కళ్లు తుడుచుకుని, "అమ్మకు ఇది ఎట్ల తట్టిందో," అంది.

అబద్ధం చెప్పడం తేలికే. నోరు రాలేదు.

"అమ్మకు కాదురా. నాకు తట్టింది," అన్నాను.

తను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "అమ్మ మీ పేరు ఎన్నడు చెప్పలే," అంది.

"తెలుసు," అన్నాను.

నాతో పాటు గేటు దాకా వచ్చింది. మళ్లీ రమ్మనలేదు. గేటు కూడా వెయ్యలేదు. నా ఆటో మలుపు తిరిగేదాకా, గడియ మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడింది.