సులోచనక్క దిద్దిన దరఖాస్తు

గత వారం కొత్తగూడలోని ఒక క్లినిక్‌లో రక్తపరీక్ష కోసం చెయ్యి చాచాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి మోచేతి మడత దగ్గర రుద్దింది. ఆ వాసనకు ఎవరికైనా ఆసుపత్రి గుర్తుకొస్తుంది. నాకు హెడ్‌సెట్లు గుర్తొచ్చాయి. మాదాపూర్‌లో నేను పనిచేసిన ఆఫీసులో ఒక షిఫ్టు వాళ్లు వాడిన హెడ్‌సెట్లనే తర్వాతి షిఫ్టు వాళ్లూ వాడేవాళ్లం. మా షిఫ్టు మొదలయ్యే ముందు టీమ్ లీడర్ సులోచనక్క వాటన్నిటినీ తానే స్పిరిట్‌తో తుడిచేది. "చెవులకు పెట్టుకునేది, జర మంచిగ తుడవాలె" అనేది. ఆమె పోయి మూడేళ్లు దాటింది.

మా పని ఇటలీలో బట్టలు ఉతికే యంత్రాలు కొన్నవాళ్ల ఫిర్యాదులు వినడం, వాళ్లు రాసిన ఈమెయిళ్లకు జవాబివ్వడం. నేను ఇటాలియన్‌లో ఎం.ఏ. చేసి ఆ ఉద్యోగంలో చేరాను. అక్కకు ఏ డిగ్రీ లేదు. జనగామ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో వాళ్లమ్మ ఆయాగా పనిచేసేది. అక్కడి ఇటలీ సిస్టర్ల వెనక తిరుగుతూ చిన్నప్పుడే ఆ భాష నేర్చుకుంది. వ్యాకరణం అడిగితే నవ్వేది గానీ, ఫోన్‌లో అవతలి మనిషి ఊపిరి పీల్చిన తీరుకే కోపమో భయమో చెప్పేసేది. ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ ఫిర్యాదునైనా చివరి వాక్యం దాకా పైకి చదవాలి. ఆ తర్వాతే జవాబు మొదలుపెట్టాలి.

చేరిన మొదటి వారంలో ఒక ముసలావిడ రాసిన ఉత్తరం నాకిచ్చింది. అంతా తప్పులు, ఎక్కడా కామా కూడా లేదు.

"ఏమంటున్నదామె?" అంది.

"డ్రమ్ము తిరగడం లేదంట అక్కా. మెకానిక్‌ను పంపమంటోంది."

"కిందికి చదువు."

చదివాను. భర్త మంచం మీద ఉన్నాడనీ, రోజుకు రెండుసార్లు దుప్పట్లు మార్చాల్సి వస్తోందనీ ఆఖరున ఉంది.

"చూసినవా? ఆమె పరేషాన్ మిషిన్ గురించి కాదు. చదువుకున్నోళ్లు అసలు ముచ్చట ముందుగాల రాస్తరు. రాయరానోళ్లు దాన్ని ఆఖరికి దాస్తరు" అంది. ఆ సాయంత్రంలోగా మెకానిక్ వెళ్లేలా తానే ఫోన్ చేసింది.

నేను ఇటలీలో పిహెచ్‌డికి దరఖాస్తు పెడుతున్నానని ఆమెకు చెప్పలేదు. ప్రింటర్ దగ్గర మరిచిపోయిన కాగితాలు చూసి తెలుసుకుంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో సీటు రావడం ఒకటి, ఫెలోషిప్ రావడం మరొకటి. ప్రొద్దుటూరులో మా నాన్న టైలరు. ఫెలోషిప్ లేని సీటు వచ్చినా రాకపోయినా నాకు ఒకటే. వాళ్లను మెప్పించాలని నేనొక మహాకవిని ఎంచుకుని పది పేజీల ప్రతిపాదన రాశాను.

"బాగుంది భార్గవీ. గాయన మీద వాళ్ల దేశంల ఎంతమంది రాసి ఉంటరు?" అంది అక్క.

"వందలమంది ఉంటారక్కా."

"మరి నీకెందుకిస్తరు? నీకు తెల్సింది, వాళ్లకు తెల్వంది ఏంది?"

చదువు లేని మనిషి నా చదువుకు పరీక్ష పెడుతోందని మనసులో చిన్నబుచ్చుకున్నాను. మూడు రోజుల తర్వాత ఆ పది పేజీలు పక్కన పెట్టి, రాయడం సరిగా రానివాళ్లు రాసిన ఉత్తరాల గురించి కొత్తగా మొదలుపెట్టాను. యుద్ధాలకు, గనులకు వెళ్లినవాళ్లు ఇంటికి రాసిన పాత ఉత్తరాలు అక్కడి గ్రంథాలయాల్లో ఉన్నాయి. ప్రతి పేరానూ అక్క ముందు పైకి చదివేదాన్ని. తనకు అర్థంకాని చోట చెయ్యెత్తి ఆపేది. ఆపిన చోటల్లా నాకూ సరిగా అర్థం కాలేదని తర్వాత తెలిసేది.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. వీడియోలో, మధ్యాహ్నం రెండు గంటలకు. మా ఆఫీసులో గోడ గడియారాలు కూడా ఇటలీ సమయమే చూపించేవి. సెలవులూ వాళ్లవే. మెయిల్ నాకంటే ముందు అక్క చూసి, "రెండంటే మనకు అయిదున్నర" అంది. నాకూ అనుమానం రాలేదు. ఆ రోజు నన్ను కాల్స్ నుంచి తప్పించి ట్రైనింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి మన టైము ప్రకారం రెండు నుంచి మూడు దాకా తానే ప్రశ్నలడిగింది. అయిదున్నరకు లింకు తెరిస్తే ఎవరూ లేరు. ఇరవై నిమిషాలు చూశాం. అక్క మెయిల్‌ను మళ్లీ పైకి చదవడం మొదలుపెట్టింది. విదేశీ అభ్యర్థులకు ఇచ్చిన సమయాలు వారి వారి దేశాలవని ఆఖరి వాక్యంలో ఉంది. అంటే వాళ్లు రాసిన రెండు మన రెండే.

వెంటనే విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసింది. నిలబడే మాట్లాడింది. తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు అని ఇటాలియన్‌లో మూడుసార్లు అంది. జాబితా పూర్తయింది, వచ్చే ఏడాది రమ్మన్నారు. మర్నాడు టీమ్ మీటింగ్‌లో అందరి ముందూ అదే చెప్పింది. "భార్గవి ఏడాది నా వల్ల పోయింది." నేను తలెత్తలేదు. ఆ రోజు నుంచి ఆమెను అక్కా అనడం మానేసి మేడం అన్నాను. పని గురించి అడిగితే జవాబు చెప్పేదాన్ని, అంతే. నాలుగు నెలలు అలా గడిచాయి.

తర్వాత ఆమె సెలవు పెట్టింది. క్యాన్సర్ అని హెచ్.ఆర్. వాళ్లు చెప్పారు. నార్సింగిలో ఆమె ఇంటికి వెళ్లాను. మా కంపెనీకే క్యాబ్ నడిపే ఆమె భర్త యాదగిరి గారు తలుపు తీశారు. లోపల అక్క చిక్కిపోయి గోడకానుకుని కూర్చుని ఉంది.

"అక్కా, నేను..." అన్నాను.

"గవన్నీ ఇడిసిపెట్టు. ఈసారి దరఖాస్తు ఎప్పుడు?"

"ఏప్రిల్‌లో."

"మరి ఉత్త చేతులతోటి వస్తవా? పట్కరా, చదువు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. కీమో అయిన వారాల్లో కళ్లు మూసుకుని వినేది. నిద్రపోయిందేమోనని ఆపితే, "ఇంటున్న, ఇంటున్న" అనేది. ఆగస్టులో ఫెలోషిప్ వచ్చింది. ఫోన్ చేసి చెప్పాను. "మూడేండ్లు ఇస్తరా, నడుమల ఆపుతరా? మంచిగ అడిగినవా?" అంది. ఇస్తారక్కా అన్నాను. "ఇగ ఫికర్ లేదు" అంది. నేను వెళ్లిన రెండో నెలలో ఆమె పోయింది. నేను రాలేకపోయాను.

చదువు పూర్తిచేసి ఈ వేసవిలో తిరిగొచ్చాక, బైండు చేయించిన నా పరిశోధన పట్టుకుని నార్సింగి వెళ్లాను. యాదగిరి గారు తువ్వాలుకు చేతులు తుడుచుకుని దాన్ని అందుకున్నారు. చదవలేని భాషే అయినా ఒక్కో పేజీ తిప్పారు. నేను ఉండబట్టలేక, ఆ నాలుగు నెలలు అక్క నా గురించి ఏమనుకునేది అని అడిగాను.

"నీ మీద కోపం లేకుండెనమ్మా. రిపోర్టు వచ్చిననాడు గూడ ముందుగాల నీకే చెప్తనన్నది. పిల్లకు ధైర్యమెక్కువ, ఏడ్వది, దానికి చెప్తే నాకు నిమ్మళమైతది అన్నది. చాయ్‌కి పిలిచి చెప్తనని పోయింది. ఇంటికొచ్చినంక అడిగితే, దానికి పనున్నట్టుంది, రేపు చెప్త అన్నది. ఇగ చెప్పనే లేదు."

ఆ రోజు నాకు గుర్తుంది. దసరాకు ముందు. ఆమె నా కుర్చీ వెనక నిలబడి, "చాయ్ తాగొద్దమా?" అంది. నా తెర మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. అది ఆమెకూ కనిపిస్తూనే ఉంది. "పనుంది మేడం" అన్నాను. మంచిదన్నట్టు తలూపి, ఒక్కతే లిఫ్టు వైపు నడిచింది.

ఇప్పుడు నన్నెవరైనా చాయ్‌కి పిలిస్తే, చేతిలో ఏ పనున్నా వదిలేసి లేస్తాను. చాలామంది ఊరికే పిలుస్తారు. వాన గురించో, ట్రాఫిక్ గురించో మాట్లాడతారు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా, ఆఖరున ఇంకేమైనా చెప్తారేమోనని నేను కాసేపు కదలకుండా కూర్చుంటాను.