ప్రేమ విందు తలుపు కాసిన ఈనక్ టర్పిన్

గాంట్స్ ఫెర్రీలో మెథడిస్టులకి ఇప్పుడున్న చర్చి మూడోది. మొదటిది దుంగలది, దాన్ని తగలబెట్టారు. రెండోది పలకలది. ఉత్తర దక్షిణ రాష్ట్రాల యుద్ధంలో సిపాయిలు అందులో గుర్రాలు కట్టేసి, పోతూ పోతూ నేలపలకలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఇటుకలతో కట్టిన మూడోది నిలబడింది. మూడింటికీ తలుపు చేసినవాడు ఒక్కడే, ఈనక్ టర్పిన్. చర్చి చరిత్ర అని అచ్చు వేయించిన పుస్తకంలో బోధకుల పేర్లన్నీ ఉన్నాయి, ఏడాది ఉండి గుర్రమెక్కి పోయినవాళ్లవి కూడా. ఈనక్ పేరు మాత్రం లేదు. మరిచిపోయి కాదు, సిగ్గేసి వదిలేశారు.

ఈనక్ పీపాలు చేసేవాడు. ఎద్దు మెడ, మొద్దు చేతులు. మారుమనస్సు పొందకముందు రేవులో ఒక పడవవాడి చెవి కొరికి ఉమ్మేసిన మనిషి. దేవుడి దగ్గరికొచ్చాక ఆ కోపం ఎటు పోయిందంటారా? ఎటూ పోలేదు, అతనితోపాటే చర్చిలోకొచ్చి కూర్చుంది. బానిసల గొడవ మీద మెథడిస్టులు బానిసత్వం వద్దనే ఉత్తరం వాళ్లు, ఉండాలనే దక్షిణం వాళ్లు అని రెండుగా చీలినప్పుడు, ఊళ్లో ఉన్న ఒక్క చర్చీ మాదంటే మాదని రెండు పక్షాలూ కొట్టుకున్నాయి. దక్షిణం వాళ్లు తాళం వేయడానికొస్తే ఈనక్ బాడిసె పట్టుకుని గడపలో రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు పిండిమర క్లేబర్న్ స్టైల్స్ ముందుకొచ్చాడు. వారం కిందటిదాకా ఈనక్ పక్కనే కూర్చుని పాటలు పాడినవాడు. ఈనక్ బాడిసె తిరగేసి అతని ముంజేయి విరగ్గొట్టాడు. దక్షిణం వాళ్లు పోయి వేరే చర్చి కట్టుకున్నారు. ఉత్తరం వాళ్లకి చర్చి దక్కింది, దాంతోపాటు పగా దక్కింది.

మూడు నెలలకోసారి ప్రేమ విందు జరిగేది. పేరుకే విందు. రొట్టె ముక్కలు, రెండు పిడుల గిన్నెలో నీళ్లు, అంతే. అవి పంచుకుంటూ ఒక్కొక్కరే లేచి, చేసిన పాపమూ పొందిన కృపా నోరారా చెప్పుకుంటారు. అలాంటి మాటలు బయటివాళ్ల చెవిన పడకూడదు కదా. అందుకని నడత బాగున్నవాళ్లకి బోధకుడు ముందే చీటీలిస్తాడు. చీటీ చూపిస్తేనే లోపలికి. మొదటి పాట అయ్యాక అడ్డగడియ పడుతుంది, ఇక గవర్నరొచ్చినా తియ్యరు. ఆ తలుపు దగ్గర కాపలా ఈనక్‌ది.

ఈనక్‌కి ఒక్కడే తమ్ముడు, వైలీ. తల్లి పోయాక ఈనకే పెంచి పెద్ద చేశాడు. వైలీ నవ్వించే మనిషి, తాగే మనిషి కూడా. అతనికి చీటీ ఇవ్వొద్దని, చర్చి సభ్యుల పుస్తకంలో పేరు కొట్టెయ్యాలని సభలో లేచి అడిగింది ఎవరనుకున్నారు? సొంత అన్నే. ఇంకో మూడు నెలలు చూద్దామని బోధకుడు బతిమాలినా వినలేదు. వైలీ తరవాతి ప్రేమ విందు నాడు తప్పతాగి వచ్చి, నిప్పంటుకుందంటూ తలుపు బాదాడు. లోపలివాళ్లు ఒకరినొకరు తొక్కుకుంటూ బయటికొచ్చి చూస్తే మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఈనక్ అందరి ముందూ అతని ముక్కు పగలగొట్టాడు.

ఆ తరవాతి విందు 1856 ఆగస్టులో, ఆదివారం పొద్దున. కొత్తగా వచ్చిన బోధకుడు బానిసత్వం పాపమని పక్క ఊళ్లో పైకే అన్నవాడు. పాట అయింది, గడియ పడింది. కాసేపటికి ఎవరో తలుపు దబదబా బాదారు.

"అన్నా, తలుపు తియ్యి. స్టైల్సూ వాళ్లూ ఉరితాడు పట్టుకుని వస్తున్నారు. ముందు బోధకుణ్ణి పంపించెయ్యండి."

ఈనక్ తలుపు సందులో నోరు పెట్టి, "చీటీ ఉందా?" అన్నాడు.

"తాగలేదన్నా, అమ్మ మీదొట్టు. తియ్యి."

"కిందటిసారి నిప్పు, ఈసారి తాడా? ముక్కు మానినట్టుంది. పోయి పడుకో ఫో."

బోధకుడు తలెత్తి చూస్తే, మా తమ్ముడేలెండి, మీరు కానివ్వండి అన్నాడు ఈనక్. ఒకరిద్దరు నవ్వారు కూడా. మళ్లీ పాట ఎత్తుకున్నారు. ఇంతలో తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి, ఒకదాని మీద ఒకటి, పలకలు అదిరేలా. వెధవ కాళ్లతో తన్ని తలుపు విరగ్గొట్టేలా ఉన్నాడని ఈనక్ లోపల్నుంచి భుజం ఆనించి నిలబడ్డాడు. ఒక్కో దెబ్బా అతని భుజానికి తగులుతూనే ఉంది. అవి తన్నులు కావని అతనికి తెలిసింది తలుపు కింది నుంచి నెత్తురు వచ్చి బూటు తడిపినప్పుడే.

గడియ తియ్యగానే వైలీ వెల్లకిలా లోపలికి పడ్డాడు. తల వెనక భాగం గొడ్డలి కామలతో మెత్తగా అయిపోయింది. బయట ఇరవైమంది. ఆడవాళ్లు బోధకుణ్ణి వెనక కిటికీలోంచి మొక్కజొన్న చేలోకి తోసేశారు. ఈనక్ అడ్డగడియ కర్ర పట్టుకుని గుంపు మీద పడ్డాడు. ఒకడి మోకాలు నలిపేశాడు, ఇంకొకడి పక్కటెముకలు లోపలికి దిగబడేలా కొట్టాడు. ఎవడో కత్తితో పొడిస్తే ఈనక్ ఎడమ కన్ను పోయింది. ఆపైన కప్పుకి నిప్పు పెట్టారు. ఈసారి నిజం నిప్పే. మధ్యాహ్నానికి చర్చి బూడిదైంది. బోధకుడు బతికాడు. వైలీ సాయంత్రందాకా ఊపిరి ఈడ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయాడు.

అప్పట్నుంచి ఈనక్‌కి ఒక్కటే కోరిక. వైలీ పేరు సభ్యుల పుస్తకంలో మళ్లీ రాయాలి. కొట్టేయించింది తనే, రాయించాల్సిందీ తనే. వచ్చిన ప్రతి బోధకుణ్ణీ అడిగాడు. పశ్చాత్తాపం చెప్పుకోకుండా పోయినవాణ్ణి చేర్చే నియమం లేదన్నారు. అడుగుతూనే రెండో చర్చికి తలుపు చేశాడు, మూడోదానికీ చేశాడు, కాపలా కూడా కాశాడు. బోధకులు మారారు గానీ జవాబు మారలేదు.

ఇటుకల చర్చిలో మొదటి ప్రేమ విందు 1873లో. దక్షిణం వాళ్ల చర్చి అప్పటికి మూతపడి, వాళ్లూ ఇందులోకే వచ్చి చేరారు. క్లేబర్న్ స్టైల్స్ జుట్టు నెరిసి, నడుం వంగి, చేతిలో చీటీతో గడప దగ్గరికొచ్చాడు. ఈనక్ ఉన్న ఒక్క కంటితో ఆ చీటీని రెండుసార్లు చదివాడు. తప్పేమీ లేదు. పక్కకి జరిగి లోపలికి పోనిచ్చాడు. గడియ వేశాడు.

నీళ్ల గిన్నె తన దగ్గరికి రాగానే స్టైల్స్ లేచాడు.

"ఆ రోజు ముందు నిలబడ్డది నేనే. మాకు వైలీతో పనిలేదు. తప్పుకో, వదిలేస్తాం అన్నాను. మూడుసార్లు చెప్పాను. లోపల మా అన్నున్నాడు అన్నాడు. తలుపుకి వీపు ఆనించి కదల్లేదు. మొదటి దెబ్బ నాది. దేవుడు నన్ను క్షమించాడు."

పదిహేడేళ్లుగా ఈనక్ అనుకుంటున్నది వేరు. తలుపు బాదుతూ బాదుతూ వైలీ వాళ్ల చేతికి చిక్కాడని అనుకున్నాడు. పారిపోవచ్చని, పొమ్మన్నారని, పోలేదని అతనికి ఎవరూ చెప్పలేదు. అడ్డగడియ ఊడబెరికి బల్లల మధ్యగా నడిచి వచ్చాడు. ఒకే దెబ్బ. స్టైల్స్ దవడ రెండు ముక్కలైంది, నీళ్ల గిన్నెలో పళ్లు పడ్డాయి. రెండోసారి ఎత్తిన చేతికి నలుగురు వేలాడితే గానీ ఆగలేదు.

చర్చి పెద్దలు విచారణ పెట్టారు. బోధకుడు చిన్నవాడు, మంచివాడు. తప్పయిందని ఒక్క మాటంటే చాలు, చీటీ ఇచ్చేస్తానన్నాడు.

"వైలీ పేరు రాస్తావా బాబూ?" అన్నాడు ఈనక్.

"చనిపోయినవాళ్లని చేర్చుకోలేం కదా పెద్దాయనా."

"అయితే నా పేరు కూడా కొట్టెయ్యి."

కొట్టేశారు. ఆ తరవాత ఎనిమిదేళ్లు బతికాడు ఈనక్. ప్రతి ప్రేమ విందుకీ శుభ్రంగా గడ్డం గీసుకుని వచ్చి, ఎండైనా మంచైనా బయట మెట్టు మీద కూర్చునేవాడు. లోపల స్టైల్స్ వంకర దవడతో రొట్టె నానబెట్టుకుని తింటుంటే, బయట ముసలాయన దగ్గు అందరికీ వినపడేది. తలుపు తియ్యమని ఆయన అడగలేదు. లోపలివాళ్లలో ఒక్కరూ లేచి తియ్యలేదు.