గడ్డి కింద సెగ

నాకు అరవై దాటాక ఒక వేసవంతా నా కడుపులో ఏదో సన్నగా వణికేది. చేతులు చాపి చూస్తే మాత్రం అవి వణికేవి కావు. నూజివీడులో డాక్టరుగారు నాడి చూసి "ఏమీ లేదమ్మా" అన్నారు. ఇంట్లోనూ అదే పాట. ఏమీ లేకపోతే ఎందుకు వణుకుతోందని నాకు ఒళ్లు మండేది.

మా కొట్లో మామిడికాయలు మగ్గవేసే ఆవిడకు చెప్పుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాయల మీద కప్పిన వరిగడ్డిలోకి దూర్చింది. పైన చల్లగా ఉంది, లోపల సెగ.

"పైకి కనపడకపోతే లేనట్టేనాండి అమ్మగారూ? పొద్దున్నే ఖాళీ కడుపున ఆ కాఫీ మానేసి, ఇంత చద్దన్నం మజ్జిగేసుకుని తినండి" అంది.

తిన్నాను. వణుకు చాలావరకు తగ్గింది. తిండివల్లో కాదో నాకిప్పటికీ తెలియదు.

మొదట మగ్గిన పండు దేవుడి దగ్గర పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను.